కార్నెగీ దాతగా మారింది ఎప్పుడు?

ప్రశ్న: ఆండ్రూ కార్నెగీ స్కాట్లండ్ నుంచి చిల్లిగవ్వ లేకుండా అమెరికా వెళ్ళి, ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించి, ఆఖరికి అంతా దానం చేసేశాడని చదివాను. వ్యాపారి దాతగా మారిన ఆ మలుపు ఎప్పుడు, ఎందుకు వచ్చింది? కార్మికుల కడుపు కొట్టి పేరు కొనుక్కున్నాడు అంటారు, అందులో నిజమెంత?

సమాధానం:

నేను ధర్మాదాయ ట్రస్టుల లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. దాతల ఉత్తరాలు, వాళ్ళు పెట్టే షరతులు, ఖర్చుల పద్దులు చూడటమే నా వృత్తి. ఆ అలవాటుతోనే కార్నెగీ జీవితాన్నీ చదివాను. నాకు తేలిన విషయం ముందే చెప్పేస్తాను. మీరు అడిగిన మలుపు ఆయన జీవితంలో లేదు. మొదటి సగం సంపాదన, రెండో సగం దానం అనే కథ వినడానికి బాగుంటుంది గానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే నిలబడదు. లైబ్రరీలు కట్టించడం, కూలి రేట్లు కోయడం ఒకే కాలంలో, ఒకే మనిషి చేతుల మీదుగా జరిగాయి. అందుకే మూడో ప్రశ్నకు జవాబు రెండో ప్రశ్నలోనే ఉంది.

ఆయన 1835 నవంబరు 25న స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టాడు. తండ్రి విలియం చేనేత కార్మికుడు, డమాస్క్ అనే నగిషీ నారబట్ట నేసేవాడు. ఆవిరి మగ్గాలు రాగానే ఆ వృత్తి కళ్ళముందే కూలిపోయింది. తల్లి మార్గరెట్ చిన్న కొట్టు పెట్టి, జోళ్ళకు కుట్టుపని చేసి ఇల్లు నెట్టుకొచ్చింది. ఆమె పుట్టింటివాళ్ళు, అంటే మారిసన్‌లు, రాజకీయాల్లో నోరున్నవాళ్ళు. రాజరికాన్నీ భూస్వాములనూ ఏకిపారేసే రకం. ఆ ఊళ్ళో పిటెన్‌క్రీఫ్ అనే పెద్ద ఎస్టేటు ఉండేది. దాని యజమానులతో గొడవపడ్డందుకు మారిసన్ కుటుంబాన్ని ఆ తోట గేటు దాటనిచ్చేవారు కాదు. 1902లో కార్నెగీ ఆ ఎస్టేటు మొత్తాన్నీ కొనేసి, ఊరికి పార్కుగా రాసిచ్చాడు. ఆయన ఇచ్చిన పెద్ద పెద్ద విరాళాలన్నిటికంటే ఇదే ఆయనకు ఎక్కువ తృప్తినిచ్చి ఉంటుందని నా అనుమానం. దానంలో కసి కూడా ఉంటుందని నాకు మొదట తట్టింది ఇక్కడే.

1848లో కుటుంబం అమెరికా బయల్దేరింది. ఓడ చార్జీలకు తల్లి తన స్నేహితురాలి దగ్గర 20 పౌండ్లు అప్పు చేసింది. మీరు చిల్లిగవ్వ లేకుండా అన్నారు, కానీ నిజానికి అప్పుతో వెళ్ళారు. పిట్స్‌బర్గ్ పక్కనే ఉన్న అల్లెగెనీలో బంధువులు ఉండటం వల్ల దిగగానే తలదాచుకోవడానికి చోటు దొరికింది. వలస కథల్లో ఇలాంటి చిన్న ఆసరాలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పన్నెండేళ్ళ కుర్రాడు నూలు మిల్లులో కండెలు మార్చే పనికి చేరాడు. జీతం వారానికి 1 డాలరు 20 సెంట్లు. 1849లో టెలిగ్రాఫ్ ఆఫీసులో తంతి అందించే కుర్రాడి ఉద్యోగం వచ్చింది, వారానికి రెండున్నర డాలర్లు. వ్యాపారస్తుల ముఖాలూ పేర్లూ గుర్తుపెట్టుకుని, దారిలో కనిపిస్తే అక్కడే తంతి చేతికిచ్చేవాడు. యంత్రం కాగితం మీద గీసే గీతలు చూడకుండా, చప్పుడు విని నేరుగా సందేశం రాసేయడం నేర్చుకున్నాడు. అప్పట్లో ఆ పని చేతనైనవాళ్ళు అమెరికా మొత్తంలో అతి కొద్దిమంది.

ఆ రోజుల్లోనే కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే ఆయన తన 400 పుస్తకాలను పనిచేసే కుర్రాళ్ళ కోసం శనివారాల్లో అరువిచ్చేవాడు. తర్వాత ఆ లైబ్రరీ నిర్వాహకులు ఒక మెలిక పెట్టారు. వృత్తి నేర్చుకునే పిల్లలకే ఉచితం, మిగతావాళ్ళు ఏడాదికి 2 డాలర్లు కట్టాలి. తంతి కుర్రాడు ఆ కోవలోకి రాడు. కార్నెగీ ఊరుకోకుండా పత్రికకు ఉత్తరం రాసి, వాదించి, రూలు మార్పించాడు. ఆయన లైబ్రరీల పిచ్చికి మూలం ఇదేనని అందరూ చెబుతారు. నిజమే. దాంతోపాటు నేను గమనించింది ఇంకొకటి ఉంది. అర్హత ఎవరికి, రుసుము ఎంత, షరతు ఏమిటి అన్న మాటల మీద పోట్లాడి గెలవడం కూడా ఆ కుర్రాడు అక్కడే మొదలుపెట్టాడు.

1853లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అధికారి థామస్ స్కాట్ అతన్ని నెలకు 35 డాలర్ల జీతం మీద తన టెలిగ్రాఫ్ ఆపరేటరుగా, గుమాస్తాగా పెట్టుకున్నాడు. 1859కల్లా కార్నెగీ పిట్స్‌బర్గ్ డివిజన్ సూపరింటెండెంట్ అయ్యాడు, వయసు ఇరవై నాలుగు. అయితే డబ్బు జీతంలోంచి రాలేదు. స్కాట్ చెప్పిన ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ షేర్లు పది కొన్నాడు. వాటి మీద నెలకు 10 డాలర్ల డివిడెండ్ చెక్కు వచ్చిన రోజున బంగారు గుడ్లు పెట్టే బాతు దొరికిందని గంతులేశానని తనే రాసుకున్నాడు. చెమటోడ్చకుండా వచ్చిన మొదటి డబ్బు అది. తర్వాత పడక బోగీలు చేసే వుడ్రఫ్ కంపెనీలో వాటా, ఆపైన పెన్సిల్వేనియా చమురు బావుల్లో వాటా. 1863లో ఆయన ఆదాయం సుమారు 42,000 డాలర్లు. అందులో రైల్వే జీతం 2,400 మాత్రమే.

కష్టపడి పైకొచ్చాడు అనే మాట దగ్గర ఆడిటరుకు కాస్త దగ్గు వస్తుంది. రైల్వేలో పెద్దలైన స్కాట్, జె. ఎడ్గర్ థామ్సన్‌లకు కార్నెగీ కంపెనీల్లో వాటాలుండేవి. కీస్టోన్ బ్రిడ్జ్ కంపెనీ వంతెనలు కడుతుంది, వాటిని పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కొంటుంది, కొనేవాళ్ళే లోపల అమ్మేవాళ్ళ భాగస్వాములు. అప్పటి చట్టంలో దీన్ని ఆపే నిబంధన లేదు. ఇవాళ చేస్తే జైలుకే. తెలివీ శ్రమా లేవనడం లేదు, రెండూ పుష్కలంగా ఉన్నాయి. కానీ ఆ తెలివికి ఊతమిచ్చింది లోపలి సమాచారమూ, పైవాళ్ళ అండా. అంతర్యుద్ధం సమయంలో కొంతకాలం వాషింగ్టన్‌లో సైన్యానికి రైళ్ళు, తంతి ఏర్పాట్లు చూశాడు. 1864లో సైన్యంలోకి పిలుపు వస్తే 850 డాలర్లిచ్చి తన బదులు మరొకరిని పంపాడు. చట్టం దానికి ఒప్పుకునేది, స్తోమత ఉన్నవాళ్ళు చాలామంది అదే చేశారు.

1868 డిసెంబరులో న్యూయార్క్‌లోని సెయింట్ నికొలస్ హోటల్లో కూర్చుని ఆయన తన కోసం తను ఒక కాగితం రాసుకున్నాడు. వయసు 33, ఏడాదికి 50,000 డాలర్ల రాబడి. ఇంతకు మించి ఎప్పటికీ సంపాదించకూడదు, మిగిలింది ఏటా మంచి పనులకు ఖర్చు పెట్టాలి, 35వ ఏట వ్యాపారం మానేసి ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకోవాలి అన్నది దాని సారం. డబ్బు పోగేయడం విగ్రహారాధనల్లోకెల్లా హీనమైనదని, ఇలాగే కొనసాగితే బాగుపడే ఆశ లేకుండా దిగజారిపోతానని కూడా అందులో ఉంది. ఆ కాగితం ఆయన పోయాక గానీ బయటికి రాలేదు. ఎవరికో చూపించుకోవడానికి రాసింది కాదు కాబట్టి దాని నిజాయితీని నేను నమ్ముతాను. కానీ 35 వచ్చింది, దాటిపోయింది. మానేయాల్సిన వయసు దాటాకే అసలు సామ్రాజ్యం మొదలైంది. దానం చేయాలన్న ఆలోచన ఉక్కు మిల్లుకంటే ముందు పుట్టింది. మలుపు కథ ఇక్కడే తప్పిపోతుంది.

1872లో ఇంగ్లండ్‌లో బెస్సెమర్ పద్ధతిలో, అంటే కరిగిన ఇనుములోకి గాలి ఊది, ఉక్కు తయారుచేయడం చూసి వచ్చి, పిట్స్‌బర్గ్ దగ్గర బ్రాడక్‌లో మిల్లు కట్టడం మొదలుపెట్టాడు. 1873లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. అందరూ చేతులు ముడుచుకుంటే ఆయన చవగ్గా కట్టుకుంటూ పోయాడు. 1875లో మిల్లు నడిచింది. పేరు ఎడ్గర్ థామ్సన్ వర్క్స్, అంటే తమ పెద్ద కొనుగోలుదారు కంపెనీ అధ్యక్షుడి పేరే. మొదటి ఆర్డరు 2,000 పట్టాలు, ఇచ్చింది పెన్సిల్వేనియా రైల్‌రోడ్.

ఆయన గొప్పతనం కొలిమి దగ్గర లేదు, ఖర్చుల చిట్టాలో ఉంది. టన్ను సరుకు ఒక మైలు మోయడానికి ఎంతవుతుందో రైల్వేలో లెక్కకట్టేవాళ్ళు. ఆ అలవాటును ఉక్కులోకి తెచ్చాడు. ఏ విభాగంలో టన్నుకు ఎంత బొగ్గు, ఎంత సున్నపురాయి, ఎంత కూలి పడిందో ఎప్పటికప్పుడు ఆయన బల్ల మీదికి రావాల్సిందే. ఖర్చులు చూసుకుంటే లాభాలు వాటంతటవే వస్తాయన్నది ఆయన సూత్రం. మిగతా యజమానులు ఇనుప కొలిమిని మేస్త్రీ ఊహకు వదిలేస్తే, ఈయన జీతమిచ్చి రసాయనశాస్త్రవేత్తను పెట్టుకున్నాడు. కొత్త యంత్రం వస్తే, నిన్న పెట్టిన యంత్రాన్నయినా పీకేసేవాడు. ఉక్కు పట్టాల ధర 1867లో టన్నుకు 160 డాలర్లకు పైన ఉండేది, 1898 నాటికి 18 డాలర్ల లోపుకు పడిపోయింది. విదేశీ పట్టాల మీద టన్నుకు 28 డాలర్ల సుంకం ఆయన్ని చాలాకాలం కాపాడిందన్నది కూడా ఈ లెక్కలోనే రాసుకోవాలి.

అదే చిట్టాలో కూలి కూడా ఒక వరుస. బొగ్గు ధర తగ్గించినట్టే దాన్నీ తగ్గించాలి. బ్రాడక్ మిల్లును నడిపిన కెప్టెన్ బిల్ జోన్స్ మనుషుల్ని ఎరిగినవాడు. కొలిమి దగ్గర ఎనిమిది గంటలకు మించి ఒళ్ళు సహకరించదని వాదించి ఎనిమిది గంటల షిఫ్టులు పెట్టించాడు. పోటీ మిల్లులు పన్నెండు గంటలు నడుపుతున్నాయని 1888లో కార్నెగీ వాటిని ఎత్తేశాడు. కార్మికులు ఎదురుతిరిగి, ఓడిపోయారు. మరుసటి ఏడాది, 1889లో, అదే బ్రాడక్‌లో అమెరికాలోని మొదటి కార్నెగీ లైబ్రరీ తెరుచుకుంది. కింది అంతస్తులో కార్మికులు మసి కడుక్కోవడానికి స్నానాల గదులు కూడా కట్టించాడు. రోజుకు పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడ్డవాడు ఎప్పుడు చదువుతాడు అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది, ఇప్పటికీ దానికి సరైన జవాబు లేదు.

దానాలు అప్పటికే మొదలై ఉన్నాయి. 1870ల్లోనే పుట్టిన ఊరికి ఈత కొలను కట్టించాడు. 1881లో అక్కడి లైబ్రరీకి తల్లి చేత శంకుస్థాపన చేయించాడు, 1883లో అది తెరుచుకుంది. పిట్స్‌బర్గ్ దగ్గరే ఉన్న హోమ్‌స్టెడ్ ఉక్కు మిల్లు కొన్నదీ 1883లోనే. 1887లో లూయీస్ విట్‌ఫీల్డ్‌ను పెళ్ళి చేసుకున్నప్పుడు ఆయన వయసు 51. ఆస్తి ఎక్కువ భాగం ధర్మానికే పోతుంది, తనకు ఏటా కొంత భత్యం చాలు అని పెళ్ళికి ముందే ఆమె చేత ఒప్పందం రాయించుకున్నాడు. ఇంత ముందుచూపుతో దానం చేసినవాణ్ణి నా వృత్తిలో నేను చూడలేదు.

1889 జూన్‌లో ఆయన పేరు మోసిన వ్యాసం నార్త్ అమెరికన్ రివ్యూ అనే పత్రికలో వచ్చింది. ధనవంతుడిగానే చచ్చిపోయేవాడు అవమానంతో చచ్చినట్టే అన్న మాట అందులోదే. అందరూ ఆ ఒక్క వాక్యమే ఉదహరిస్తారు. మిగతా వ్యాసం చదివితే మెతక మనిషి కనిపించడు. దానధర్మాల కింద ఖర్చయ్యే ప్రతి వెయ్యి డాలర్లలో 950 దండగ అంటాడు. బిచ్చగాడికి వేసే నాణెం పాపమన్నట్టు మాట్లాడతాడు. పిల్లలకు ఆస్తి వదిలివెళ్ళడాన్ని తిడతాడు, వారసత్వ ఆస్తి మీద భారీ పన్ను ఉండాలంటాడు. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. పెద్ద మొత్తాన్ని ఒకచోట పోగుచేసి ప్రజలకు పనికొచ్చేలా ఖర్చు పెడితే, అదే డబ్బును చిన్న చిన్న మొత్తాలుగా జనానికి పంచినదానికంటే ఎక్కువ మేలు అంటాడు. అంటే వారం కూలీలో నీకు ఇంకో డాలరు ఇస్తే నువ్వు తినేస్తావు, నా దగ్గర ఉంచితే నీకు లైబ్రరీ కట్టిస్తాను అని అర్థం. కూలి కోత, దానం వేర్వేరు కావు, రెండూ ఒకే సిద్ధాంతంలోని రెండు కొసలు. నేను ఆయనతో ఏకీభవించను. కానీ ఆయన దాచిపెట్టలేదని ఒప్పుకోవాలి.

ఆ వ్యాసం వెలువడిన రోజుల్లోనే, 1889 మే 31న, పెన్సిల్వేనియాలో ఒక మట్టి ఆనకట్ట తెగి జాన్స్‌టౌన్ కొట్టుకుపోయింది. 2,209 మంది చనిపోయారు. పైనున్న చెరువు సౌత్ ఫోర్క్ క్లబ్ అనే ధనికుల విహార క్లబ్బుది, సభ్యుల్లో కార్నెగీ ఒకడు. కోర్టులు క్లబ్బు మీద ఏ బాధ్యతా మోపలేదు. కార్నెగీ ఆ ఊరికి కొత్త లైబ్రరీ కట్టించి ఇచ్చాడు.

ఇక 1892, హోమ్‌స్టెడ్. మీ మూడో ప్రశ్న ముఖ్యంగా దీని గురించే. 1886లో కార్నెగీ పత్రికల్లో కార్మిక సంఘాలను సమర్థిస్తూ రాశాడు. సమ్మెలో ఉన్నవాడి స్థానంలో ఇంకొకడు చేరకూడదు, పక్కవాడి ఉద్యోగం లాక్కోకూడదు అన్న అర్థంలో ఒక ఆజ్ఞలాంటి వాక్యం కూడా రాశాడు. ఆరేళ్ళు తిరిగేసరికి సంఘంతో ఉన్న ఒప్పందం గడువు ముగిసింది. మిల్లు పగ్గాలు కార్నెగీ భాగస్వామి హెన్రీ ఫ్రిక్ చేతిలో ఉన్నాయి. కార్నెగీ ఎప్పటిలాగే వేసవికి స్కాట్లండ్‌లో ఉన్నాడు. ఫ్రిక్ మిల్లు చుట్టూ ఎత్తైన కంచె కట్టి లాకౌట్ ప్రకటించాడు. జులై 6 తెల్లవారుజామున పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా ఏజెన్సీకి చెందిన 300 మంది మనుషుల్ని బల్లకట్ల మీద మొనాంగహీలా నది గుండా రప్పించాడు. ఒడ్డున కార్మికులు, వాళ్ళ కుటుంబాలు కాచుకుని ఉన్నారు. రోజంతా కాల్పులు జరిగాయి. కనీసం పదిమంది చనిపోయారు, ఎక్కువమంది కార్మికులే. తర్వాత గవర్నరు 8,000 పైచిలుకు సైనికుల్ని దింపాడు. నవంబరుకల్లా సమ్మె చితికిపోయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఉక్కు మిల్లుల్లో సంఘం తలెత్తలేదు. పన్నెండు గంటల పని, షిఫ్టు మారే వారం ఏకబిగిన ఇరవై నాలుగు గంటల పని మామూలైపోయాయి.

ఆయన ఊళ్ళో లేడు కదా అని వెనకేసుకొచ్చేవాళ్ళున్నారు. ఆ వాదన ఉత్తరాల ముందు ఆగదు. గొడవకు ముందే ఫ్రిక్‌కు, మీరు ఏం చేసినా మాకు సమ్మతమే, పోరు దాకా వెళ్ళినా సరే, చివరిదాకా మీ వెంటే అన్న అర్థంలో రాశాడు. సంఘం లేకుండా మిల్లు నడపబోతున్నట్టు ఏప్రిల్‌లోనే నోటీసు ముసాయిదా కూడా రాసి పంపాడు. తుపాకుల సంగతి ఆయనకు తెలుసని నేను అనడం లేదు. సంఘాన్ని విరగ్గొట్టడం మాత్రం ఆయన కోరికే. హోమ్‌స్టెడ్ లైబ్రరీ 1898లో తెరుచుకుంది.

1900లో కార్నెగీ కంపెనీ లాభం 4 కోట్ల డాలర్లు. ఆ డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన విందులో కార్నెగీ కంపెనీ అధ్యక్షుడు చార్లెస్ ష్వాబ్ ఉక్కు పరిశ్రమ భవిష్యత్తు గురించి మాట్లాడితే, పక్కనే కూర్చున్న బ్యాంకర్ జె.పి. మోర్గాన్‌కు ఆశ పుట్టింది. కార్నెగీ ఒక చిన్న కాగితం మీద పెన్సిల్‌తో 48 కోట్ల డాలర్లు అని రాసిచ్చాడు. మోర్గాన్ బేరమాడలేదు. అలా పుట్టింది యు.ఎస్. స్టీల్ అనే మహా ఉక్కు కంపెనీ. కార్నెగీ సొంత వాటా సుమారు 22.5 కోట్లు, అదీ 5 శాతం వడ్డీ వచ్చే బాండ్ల రూపంలో. న్యూజెర్సీలోని హోబొకెన్‌లో వాటిని ఖజానాలో భద్రపరిచారు. నా చేతికి లెక్క అలవాటు కాబట్టి వేసి చూశాను. వడ్డీయే ఏటా కోటి పన్నెండు లక్షలు దాటుతుంది, రోజుకు 30,000 డాలర్లు. ఇచ్చేసే పని ఆ వేగాన్ని మించకపోతే మొత్తం పెరుగుతూనే ఉంటుంది.

అమ్మిన కొద్ది రోజులకే, 1901 మార్చిలో, కార్మికుల ప్రమాద సాయానికి, పింఛన్లకు 40 లక్షలు, మిల్లు ఊళ్ళ లైబ్రరీల నిర్వహణకు 10 లక్షలు ఇచ్చాడు. అదే నెలలో న్యూయార్క్ నగరంలో 65 శాఖా లైబ్రరీలకు 52 లక్షలు ఇస్తానని ఉత్తరం రాశాడు.

లైబ్రరీల గ్రాంటు పద్ధతి గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఏమనుకోవద్దు. నా వృత్తికి దగ్గరైన భాగం ఇది. డబ్బు కావాలనుకున్న ఊరు ముందు స్థలం చూపించాలి. కట్టడానికి ఇచ్చిన మొత్తంలో పదో వంతు ఏటా పన్నుల నుంచి నిర్వహణకు కేటాయిస్తామని ఊరి పాలకవర్గం తీర్మానం చేయాలి. 10,000 డాలర్లు తీసుకుంటే ఏటా 1,000. గ్రాంటు సుమారుగా తలకు 2 డాలర్ల లెక్కన, జనాభాను బట్టి. పుస్తకాలు కొనడు, లైబ్రేరియన్ జీతం ఇవ్వడు, భవనం మాత్రమే. ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ కార్యదర్శి జేమ్స్ బెర్ట్రమ్ చూసేవాడు. చిన్న ఊళ్ళు గ్రీకు గుడిలాంటి గుమ్మటాలు, స్తంభాలు, పొయ్యి గూళ్ళు పెట్టి ప్లాన్లు పంపితే, అనవసరం అంటూ కోతలు పెట్టి వెనక్కి పంపేవాడు. ఆ పోరు పడలేక 1911లో నమూనా ప్లాన్లతో ఒక కరపత్రమే అచ్చేయించాడు. అక్షరానికి అక్షరం ఖర్చుల చిట్టా మనస్తత్వం అది.

ఈ పదో వంతు షరతును చాలామంది పిసినారితనం అనుకుంటారు. నేను ఆయన చేసిన పనుల్లోకెల్లా తెలివైనది ఇదే అంటాను. ట్రస్టులు కట్టిన భవనాలు మూడు నాలుగేళ్ళకే తాళం పడటం నేను చూశాను. కారణం ఎప్పుడూ ఒకటే, ప్రారంభోత్సవానికి డబ్బు ఉంటుంది, కరెంటు బిల్లుకు ఉండదు. కార్నెగీ షరతు వల్ల లైబ్రరీ అనేది దాత బహుమతి స్థాయి దాటి ఊరి పన్నులతో నడిచే సంస్థ అయింది. మొత్తం 2,509 లైబ్రరీలు కట్టారు, అందులో దాదాపు 1,680 అమెరికాలో, 660 బ్రిటన్, ఐర్లండ్‌లలో, 125 కెనడాలో. వీటికైన ఖర్చు సుమారు 5.6 కోట్ల డాలర్లు. ఆయన ఇచ్చిన మొత్తంలో ఇది ఆరో వంతు కూడా కాదు, అయినా పేరంతా దీనితోనే వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. కొన్ని ఊళ్ళు మాట తప్పాయి. 1916లో కార్నెగీ పెట్టిన దాన సంస్థ కార్నెగీ కార్పొరేషన్ కోసం ఆల్విన్ జాన్సన్ అనే ఆర్థికవేత్త ఊరూరూ తిరిగి నివేదిక ఇచ్చాడు. భవనాలకంటే శిక్షణ పొందిన లైబ్రేరియన్లు ముఖ్యమని తేల్చాడు. మరుసటి ఏడాదికి కొత్త గ్రాంట్లు ఆగిపోయాయి. దక్షిణాదిలో ఇంకా పెద్ద మచ్చ ఉంది. 1902లో అట్లాంటాలో కార్నెగీ లైబ్రరీ తెరిచినప్పుడు నల్లజాతివాళ్ళకు ప్రవేశం లేదు. నల్లజాతి మేధావి డు బోయిస్ తదితరులు వెళ్ళి నిలదీశారు. వాళ్ళకు వేరే శాఖ వచ్చింది 1921లో. స్థానిక నిర్ణయం స్థానికులదే అనే కార్నెగీ సూత్రం ఇక్కడ అన్యాయానికి గొడుగు పట్టింది. అదే మనిషి నల్లజాతి విద్యార్థుల కోసం బుకర్ టి. వాషింగ్టన్ నడిపిన టస్కెగీ విద్యాసంస్థకు 1903లో 6 లక్షల డాలర్లు ఇచ్చాడు.

వద్దన్న ఊళ్ళు కూడా ఉన్నాయి. వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో 1904లో కార్మిక సంఘాలు ప్రచారం చేసి, ఓటింగులో లైబ్రరీ గ్రాంటును ఓడించాయి. హోమ్‌స్టెడ్ రక్తం అంటిన డబ్బు మాకక్కర్లేదన్నారు. వాళ్ళను మూర్ఖులని అనలేను.

మిగతావి త్వరగా చెబుతాను. 1904లో హార్విక్ బొగ్గు గనిలో పేలుడుకు దాదాపు 180 మంది బలయ్యారు, కాపాడబోయి మరణించినవాళ్ళూ వారిలో ఉన్నారు. దాని నుంచి పుట్టింది 50 లక్షల డాలర్లతో హీరో ఫండ్, ఇతరుల ప్రాణం కోసం తెగించిన మామూలు మనుషులకూ, వాళ్ళ కుటుంబాలకూ. 1905లో కాలేజీ అధ్యాపకుల పింఛన్లకు కోటి డాలర్లు. ఏదో ఒక చర్చి శాఖ చేతిలో నడిచే కాలేజీలకు పింఛను లేదని షరతు పెడితే, కొన్ని కాలేజీలు ఆ బంధం తెంచుకున్నాయి. షరతుకు ఎంత బలం ఉంటుందో చూడండి. అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న అధ్యాపకుల పింఛను సంస్థ టి.ఐ.ఎ.ఎ. 1918లో దీని నుంచే వచ్చింది. చర్చిలకు 7,600 పైగా వాద్య ఆర్గన్లు ఇచ్చాడు, తనకు దేవుడి మీద పెద్దగా నమ్మకం లేకపోయినా. ది హేగ్‌లో శాంతి సౌధానికి 15 లక్షలు ఇచ్చాడు, 1913 ఆగస్టులో అది ప్రారంభమైంది. ఏడాది తిరక్కుండానే మొదటి ప్రపంచ యుద్ధం. ఆత్మకథ రాయడం అక్కడితో ఆపేశాడు.

చేత్తో ఎంత ఇచ్చినా తరగడం లేదని 1911లో కార్నెగీ కార్పొరేషన్ పెట్టి, అందులో 12.5 కోట్లు వేశాడు. 1919 ఆగస్టు 11న మసాచుసెట్స్‌లోని లెనాక్స్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఇచ్చింది సుమారు 35 కోట్ల డాలర్లు. మిగిలిన దాంట్లో చాలా భాగం కూడా వీలునామా ద్వారా ఇలాంటి పనులకే పోయింది. చెప్పిన మాట నిలబెట్టుకున్న విషయంలో మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇక సూటిగా మీ మూడో ప్రశ్న. కార్మికుల కడుపు కొట్టాడా? అవును. హోమ్‌స్టెడ్ తర్వాత మిగిలిన కూలి డబ్బులో కొంత 1901లో మోర్గాన్ కట్టిన ధరలో ఉంది. పేరు కొనుక్కున్నాడా? ఆ భాగం నేను ఒప్పుకోను. పేరు కోసమే అయితే 1868 కాగితం అక్కర్లేదు, పెళ్ళికి ముందు ఒప్పందం అక్కర్లేదు. ఇవ్వాలన్న తపన నిజమైనదే. సమస్య ఏమిటంటే, ఎంత ఇవ్వాలి, ఎవరికి, ఏ షరతు మీద అన్నది తానొక్కడే తేల్చాలనుకున్నాడు. ఆ డబ్బు సంపాదించి పెట్టినవాళ్ళను ఆ బల్ల దగ్గర ఒక్కసారి కూడా కూర్చోబెట్టలేదు. లైబ్రరీ కావాలా, ఎనిమిది గంటల షిఫ్టు కావాలా అని 1888లో బ్రాడక్ కార్మికుల్ని అడిగి ఉంటే వాళ్ళు ఏం చెప్పేవాళ్ళో ఊహించడం కష్టం కాదు.

ఇంకా చదవాలనుకుంటే ఒక క్రమం చెబుతాను. ముందు ఆత్మకథ చదవండి, 1920లో వచ్చింది. చాలా సరదాగా ఉంటుంది, బాల్యం గురించి రాసిన అధ్యాయాలు మరీ బాగుంటాయి. హోమ్‌స్టెడ్ అధ్యాయం దగ్గరికి వచ్చాక, తన జీవితంలో ఇంతగా గాయపరిచింది మరొకటి లేదని రాసిన చోట పుస్తకం మూసి, 1892 వేసవిలో ఫ్రిక్‌కు రాసిన ఉత్తరాలు చూడండి. జీవిత చరిత్రల్లో వాటిని అచ్చువేశారు. రెండూ చదివాకే మళ్ళీ ఆత్మకథలోకి వెళ్ళండి.